సగం పీఠం

1554లో స్వీడన్ రాజు గుస్తావ్ వాసా కొందరు మతాచార్యులను తన గ్రిప్స్‌హోల్మ్ కోటకు రమ్మని కబురు పెట్టాడు. వాళ్లు ఫిన్లాండ్ నుంచి వచ్చారు. ఆ రోజుల్లో ఫిన్లాండ్ వేరే దేశం కాదు, స్వీడన్ రాజ్యానికి తూర్పు భాగం. అంత పెద్ద నేలకు బిషప్పు ఒక్కరే, ఆయన ఉండేది సముద్రపు ఒడ్డున తుర్కు పట్టణంలో. ముసలి బిషప్పు కన్నుమూసి మూడేళ్లు దాటినా రాజు ఆ పీఠాన్ని ఖాళీగానే ఉంచాడు. కోటకు వచ్చినవాళ్లలో ముఖ్యుడు మికాయెల్ అగ్రికొలా. చదువు చూసినా, చేసిన పని చూసినా పీఠం ఆయనకే దక్కాలి. దక్కింది కూడా. కాకపోతే ఇచ్చేముందు రాజు దాన్ని రెండు ముక్కలు చేశాడు. పడమటి ముక్క తుర్కు అగ్రికొలాకు, తూర్పు ముక్క వీపురి వాళ్లలోనే మరొకడైన పావలి యూస్తెన్‌కు. ఆ మాట అగ్రికొలాకు అంతగా రుచించలేదని యూస్తెనే తర్వాత తాను రాసిన బిషప్పుల చరిత్రలో చెప్పుకున్నాడు.

ఆ కోట సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. గ్రిప్స్‌హోల్మ్ దగ్గర అంతకుముందు ఒక సన్యాసుల మఠం ఉండేది. రాజు దాన్ని స్వాధీనం చేసుకుని, పడగొట్టించి, ఆ సామాను తన కోట కట్టుబడికి వాడుకున్నాడు. అలాంటి గోడల మధ్య నిలబడి ఇద్దరు బిషప్పులు రాజుకు విధేయులమని ప్రమాణం చేశారు.

అగ్రికొలా జీవితం అర్థం కావాలంటే ముందు ఈ రాజును అర్థం చేసుకోవాలి. గుస్తావ్ వాసా 1523లో డెన్మార్క్ ఆధిపత్యాన్ని తెంచుకుని సింహాసనం ఎక్కాడు. ఆ యుద్ధానికి లూబెక్ నగరపు వర్తకులు డబ్బు, ఓడలు, సైనికులను అప్పిచ్చారు. గెలిచిన మర్నాటి నుంచే అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నారు. ఖజానా ఖాళీ. దేశంలో డబ్బున్నది ఎవరి దగ్గరంటే చర్చి దగ్గర: మాన్యాలు, వెండి పాత్రలు, రైతులు కట్టే దశమభాగాలు, బిషప్పుల కోటలు. సరిగ్గా అప్పుడే జర్మనీలో మార్టిన్ లూథర్, పోప్ అధికారాన్ని కాదని, చర్చికి ఇంత ఐశ్వర్యం ఎందుకని అడుగుతున్నాడు. గుస్తావ్‌కు ఆ బోధలో దేవుడి మాట ఎంత వినిపించిందో గానీ, మాన్యాల సంగతి మాత్రం స్పష్టంగా వినిపించింది. 1527లో వెస్తెరోస్ పట్టణంలో ప్రతినిధుల సభ జరిపించి, బిషప్పుల కోటలూ చర్చి ఆదాయంలో మిగులూ రాజుకు చెందేలా తీర్మానం చేయించుకున్నాడు. ఆ తర్వాత చర్చి గంటలను కూడా వదల్లేదు. వాటిని దించి, కరిగించి, అప్పు తీర్చడానికి వాడుకున్నాడు.

స్వీడన్‌లో ప్రొటెస్టంటు మతం ఇలా వచ్చింది. కింద జనం అడిగితే వచ్చింది కాదు, పైన ఖజానా అడిగితే వచ్చింది. నా ఉద్దేశంలో అగ్రికొలా గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఇలాంటి రాజు కొలువులో, ఇలాంటి లెక్కల మధ్య, రాజు పెద్దగా పట్టించుకోని ఒక పనిని ఆయన చివరిదాకా లాక్కొచ్చాడు.

ఆయన 1510 ప్రాంతంలో, ఫిన్లాండ్ దక్షిణ తీరంలోని పెర్నాయా అనే చోట, తోర్స్‌బి గ్రామంలో పుట్టాడు. తండ్రి పేరు ఊలావి. నేల, నీరు రెండింటినీ నమ్ముకుని బతికే ఊరు అది. ఆ తీరంలో స్వీడిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. అందుకే ఫిన్నిష్ భాషకు అక్షరభిక్ష పెట్టిన ఈ మనిషి ఇంట్లో మాట్లాడింది స్వీడిషా, ఫిన్నిషా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ వచ్చునన్నది మాత్రం రూఢి. కుర్రవాడిని చదువుకోసం తూర్పు సరిహద్దులోని వీపురికి పంపారు. ఇప్పుడా ఊరు రష్యాలో ఉంది. అక్కడి లాటిన్ బడిలో చదువుతూ, పండితుల ఆనవాయితీ ప్రకారం లాటిన్ పేరు పెట్టుకున్నాడు. అగ్రికొలా అంటే రైతు. రైతు కొడుకు తన ఇంటి వృత్తినే ఇంటిపేరు చేసుకున్నాడు.

1528లో ఆయన తుర్కు చేరి బిషప్పు కార్యాలయంలో లేఖకుడయ్యాడు. అదే సంవత్సరం రాజాజ్ఞ మీద ఆ బిషప్పుల కోటను, కూసిస్తో కోటను, పడగొట్టడం మొదలైంది. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు కొత్త కొలువులో చేరేసరికి యజమాని కోట కూలుతోంది. రాజు దయ అంటే ఏమిటో, కోపమంటే ఏమిటో చెప్పడానికి ఆయనకు వేరే పాఠం అక్కర్లేకపోయింది.

కొత్త బిషప్పు మార్టిన్ స్కిట్టె. ఈయన్నూ రాజే ఎంపిక చేశాడు. మనిషి మాత్రం పాతకాలపు డొమినికన్ సన్యాసి, వయసు మళ్లినవాడు, నెమ్మదస్తుడు. లూథర్ బోధకు ఆయన పూర్తిగా మారాడని చెప్పలేం. అయినా తెలివైన కుర్రాళ్లను ఎంచి, ఆ బోధ పుట్టిన విట్టెన్‌బర్గ్‌కే చదువుకు పంపాడు. అగ్రికొలా 1536లో వెళ్లాడు, మార్టిన్ తెయిత్ అనే సహాధ్యాయితో. మూడేళ్లు లూథర్ ఉపన్యాసాలు విన్నాడు, లూథర్ సహచరుడు మెలంక్టన్ దగ్గర గ్రీకు చదివాడు. అక్కడి నుంచే రాజుకు ఉత్తరాలు రాశాడు: చదువుకు డబ్బు చాలడం లేదని, కొత్త నిబంధనను ఫిన్నిష్‌లోకి అనువదించడం మొదలుపెట్టానని. 1539లో మాస్టర్ పట్టా పుచ్చుకుని తిరిగి వస్తుంటే, ఈ యువకుడిని చేరదీయమని లూథర్ స్వయంగా గుస్తావ్ రాజుకు సిఫారసు ఉత్తరం రాసిచ్చాడు.

అంత పెద్ద సిఫారసుతో వచ్చినవాడికి దొరికిన ఉద్యోగం తుర్కు కెథీడ్రల్ బడి పెద్ద పంతులు. అది చిన్న ఉద్యోగమేమీ కాదు. ఫిన్లాండ్‌లో మతాచార్యులు కావలసిన పిల్లలందరూ ఆ బడి గుండానే పోవాలి. అయితే ఆ పిల్లల చేతిలో పెట్టడానికి వాళ్ల భాషలో అచ్చయిన పుస్తకం ఒక్కటీ లేదు. ఫిన్నిష్ పొలంలో ఉంది, పడవలో ఉంది, ఆవిరి స్నానాల గదిలో ఉంది. పాటల్లో అపారంగా ఉంది. కాగితం మీదికొస్తే ప్రభుత్వానికి స్వీడిష్, చర్చికి లాటిన్, వర్తకులకు జర్మన్.

అగ్రికొలా అడుగు నుంచి మొదలుపెట్టాడు. 1543 ప్రాంతంలో పదహారు పేజీల చిన్న వాచకం వచ్చింది. ముందు అక్షరాలు, తర్వాత పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన. మన పెద్దబాలశిక్షకు పాప లాంటి పుస్తకం. ఫిన్నిష్‌లో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం ఇదే. దాని పూర్తి ప్రతి ఈనాడు ఒక్కటీ మిగల్లేదు, ముక్కలే దొరికాయి. పిల్లలు వాడి వాడి చింపేశారనుకుంటే రచయితకు అంతకంటే మర్యాద ఏముంటుంది!

మరుసటేడు, 1544లో, ప్రార్థన పుస్తకం. ఇది సుమారు తొమ్మిది వందల పేజీలు. వందలకొద్దీ ప్రార్థనలు, వాటికి ముందు పంచాంగం, నక్షత్రాల సంగతులు, ఏ నెలలో ఆరోగ్యం ఎలా చూసుకోవాలన్న సలహాలు. పల్లెలో ఉండే మతాచార్యుడికి వేరే గ్రంథాలయం అక్కర్లేకుండా అన్నీ ఒకచోట పెట్టాడు. లాటిన్‌లో చెబితేనే దేవుడికి చేరుతుందనుకునే కాలంలో, అందరి మనసులూ తెలిసిన దేవుడికి ఫిన్నిష్ కూడా తెలుసునన్న ధీమా ఆ పుస్తకం నిండా ఉంది.

అచ్చు మాత్రం తుర్కులో జరగలేదు. ఫిన్లాండ్ మొత్తంలో అచ్చుయంత్రమే లేదు. రాతప్రతి పడవెక్కి స్టాక్‌హోమ్ వెళ్లాలి. అక్కడ అముంద్ లౌరెంత్సొన్ ముద్రణాలయంలో అచ్చు కావాలి. రాజాదరణ అనే మాట చెప్పుకునేటప్పుడు ఇక్కడ కొంచెం ఆగాలి. స్వీడిష్ భాషలో పూర్తి బైబిలు 1541లో వచ్చింది. దాని వెనుక రాజు నిలబడ్డాడు, ఈ రోజుకీ దాన్ని గుస్తావ్ వాసా బైబిలనే పిలుస్తారు. ఫిన్నిష్ అనువాదం గురించి రాజుకు విట్టెన్‌బర్గ్ నుంచే ఉత్తరం వెళ్లింది. అయినా కొత్త నిబంధన పుస్తకమై బయటికి వచ్చేసరికి 1548. పని మొదలై పదేళ్లు దాటింది.

ఆ పదేళ్లలో రాజు అగ్రికొలా నుంచి కోరిందేమిటి? గుమాస్తాలను. 1544లో తెలివైన కుర్రాళ్లను కొంతమందిని స్టాక్‌హోమ్‌కు పంపమని ఆజ్ఞ వచ్చింది, పన్నుల లెక్కలు రాసే కచేరీలో పని చేయడానికి. అగ్రికొలా పంపలేదు. మరుసటేడు అదే ఆజ్ఞ ఈసారి బెదిరింపు స్వరంతో మళ్లీ వచ్చింది. మతబోధ కోసం తయారు చేసుకున్న పిల్లలను పన్నుల కచేరీకి అప్పగించడానికి ఆయనకు మనసొప్పి ఉండదని నేననుకుంటాను. రాజుకూ పంతులుకూ మధ్య చెడింది అక్కడేనని చరిత్రకారుల అంచనా. 1546లో తుర్కు తగలబడింది, ఆయన ఇల్లూ బడీ రెండూ కాలిపోయాయి. 1548 ఫిబ్రవరిలో బడి వదిలి దిగిపొమ్మని రాజు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ కుర్చీలో యూస్తెన్ కూర్చున్నాడు, ఆరేళ్ల తర్వాత పీఠంలో సగం పంచుకోబోయే అదే యూస్తెన్.

అంటే ఆయన పేరును నిలబెట్టిన పుస్తకం వచ్చిన సంవత్సరమూ, ఉద్యోగం పోయిన సంవత్సరమూ ఒకటే.

కొత్త నిబంధన ఏడు వందల పేజీలు దాటిన పుస్తకం, లోపల బొమ్మల అచ్చులు కూడా ఉన్నాయి. ముందు గ్రీకు మూలం, పండితుడు ఎరాస్మస్ చేసిన లాటిన్ అనువాదం, లూథర్ జర్మన్ అనువాదం, స్వీడిష్ అనువాదం, అన్నీ బల్ల మీద పరుచుకుని రాశాడు. ఫిన్లాండ్‌లో జిల్లాకో మాండలికం. వాటిలో తుర్కు ప్రాంతపు మాటను ఎందుకు ఆధారం చేసుకున్నాడో ముందుమాటలో చెప్పాడు: బిషప్పు పీఠం ఉన్నది అక్కడ, దేశానికి అది తల్లి లాంటి చోటు అని. మిగతా మాండలికాల నుంచి కూడా మాటలు తెచ్చుకున్నాడు. లేని మాటలు పుట్టించాడు. ఒకే ధ్వనిని ఒక పుటలో ఒకలా, మరో పుటలో మరోలా రాశాడు. ఎవరూ నడవని దారిలో నడిచేవాడికి అడుగులు తిన్నగా పడకపోతే తప్పు పట్టలేం. ఆయన పుస్తకాలన్నింటిలో కలిపి సుమారు 8,500 మాటలున్నాయని లెక్కగట్టారు. వాటిలో సగానికి పైగా ఈనాటి ఫిన్నిష్‌లోనూ బతికే ఉన్నాయి.

ఇక్కడ మన సంగతి ఒకటి గుర్తుకొస్తుంది. తెలుగులోకి బైబిలు అనువదించిన తొలి మనిషి జర్మనీవాడు బెంజమిన్ షుల్ట్జె. డెన్మార్క్ రాజు అండతో తరంగంబాడిలో నడిచిన లూథరన్ మిషన్ తరఫున వచ్చి, మద్రాసులో కూర్చుని, 1727 నాటికి కొత్త నిబంధన, 1732 నాటికి పాత నిబంధన తెలుగు చేశాడు. ఆయన వెనుకా రాజున్నాడు, ఆయన ముందూ రాతప్రతి ఉంది. కానీ ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. తెలుగు కొత్త నిబంధన అచ్చులో చూడటానికి 1818 దాకా, శ్రీరాంపూర్ ముద్రణాలయం దాకా ఆగాల్సి వచ్చింది. షుల్ట్జె మాటలు మన భాషలో కలవలేదు, అగ్రికొలా మాటలు ఫిన్నిష్‌లో కలిసిపోయాయి. ఇద్దరి కష్టంలో తేడా కంటే అచ్చులో తేడా ఎక్కువ.

మళ్లీ తుర్కుకు వద్దాం. బడి పోయాక ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1549లో ఒక్క ఏడాదే మూడు పుస్తకాలు: బాప్తిస్మం, పెళ్లి, సమాధి కార్యక్రమాలు ఎలా జరపాలో చెప్పేది ఒకటి, ఆదివారపు ఆరాధన క్రమం ఒకటి, క్రీస్తు శ్రమల చరిత్ర ఒకటి. 1551లో కీర్తనల గ్రంథం, 1552లో హగ్గయి, జెకర్యా, మలాకీ ప్రవక్తలు. కీర్తనల అనువాదం తన కాలంలో బడిలోనే జరిగిందని యూస్తెన్ రాసుకున్నాడు. ఇద్దరికీ పడలేదా, లేక పంతులు తన బడి గొప్ప చెప్పుకున్నాడా అన్నది శ్రోతల ఊహకే వదిలేస్తాను.

ఆ కీర్తనల గ్రంథానికి అగ్రికొలా పద్యంలో ఒక ముందుమాట రాశాడు. అందులో ఉన్నది కీర్తనల గొప్పతనం ఒక్కటే కాదు, తన జనం ఇంకా చాటుగా కొలుస్తున్న పాత దేవతల పట్టిక కూడా. హమె ప్రాంతం వాళ్లు ఎవరికి మొక్కుతారు, కరేలియా వాళ్లు ఎవరికి మొక్కుతారు, పేరు పేరునా రాశాడు. అడవిలో వేట చూపించేవాడు తాపియో. నీళ్లలోంచి చేపలిచ్చేవాడు అహ్తి. గాలినీ వాతావరణాన్నీ ఏలేవాడు ఇల్మరినెన్. పాటలు కట్టేవాడు వైనమొయినెన్. వసంతంలో విత్తులు చల్లాక వానదేవుడు ఉక్కో పేరు చెప్పి ఆడా మగా ఒళ్లు తెలియకుండా తాగుతారని కోపంగా రాశాడు. ఆయన ఉద్దేశం ఇవన్నీ మానెయ్యమని చెప్పడం. ఫలితం వేరుగా వచ్చింది. ఫిన్లాండ్ పాత దేవతల గురించి అంత క్రమంగా రాసిపెట్టిన మొదటి కాగితం అదే అయింది. 1835లో ఎలియాస్ లొన్రోత్ పల్లె పాటలను పోగుచేసి కలేవల కావ్యం కూర్చినప్పుడు, దాని నాయకుల్లో వైనమొయినెన్, ఇల్మరినెన్ ఉన్నారు. బిషప్పు చెరిపేద్దామని రాసిన పేర్లు!

ఇక పీఠం. ముసలి స్కిట్టె 1550 చివర్లో పోయాడు. అదే డిసెంబరులో అగ్రికొలాకు కొడుకు పుట్టాడు, క్రిస్టియన్ అని పేరు పెట్టారు. భార్య గురించి చరిత్రకు తెలిసింది ఆమె పేరు బిర్గిత్తా అని, ఊలావి కూతురని, అంతే. తర్వాత మూడున్నరేళ్లు బిషప్పు లేడు, పని మాత్రం ఉంది, దానిలో చాలా భాగం అగ్రికొలాయే చూసుకున్నాడు. చివరికి 1554లో గ్రిప్స్‌హోల్మ్ పిలుపు. పోప్ అనుమతి ఎవరూ అడగలేదు, స్త్రెంగ్‌నెస్ బిషప్పు బొత్విద్ చేతుల మీదుగా అభిషేకం అయింది. రాజు కొత్తవాళ్లను బిషప్పులని పిలవడం కూడా తగ్గించుకున్నాడు, ఆర్డినరీలు అన్న చిన్న మాట వాడుకలో పెట్టాడు. పెద్ద పీఠం, పెద్ద పేరు, పెద్ద ఆదాయం ఉంటే పెద్ద మనిషి తయారవుతాడు. అది గుస్తావ్‌కు ఇష్టం లేదు.

అగ్రికొలా ఊరికి తిరిగి వచ్చాడు. సెప్టెంబరు 8, మరియమ్మ జన్మదిన పండుగ. తుర్కు కెథీడ్రల్‌లో ఆయన ఆరాధన జరిపించాడు, తలమీద మైటర్ ధరించి. మైటర్ అంటే పూర్వపు కాథలిక్ బిషప్పులు పెట్టుకునే ఎత్తైన టోపీ. రాజు చెవిన పడింది, ముఖం చిట్లించుకున్నాడు. లూథర్ శిష్యుడు, పోప్‌ను కాదన్నవాడు, ఆ టోపీ ఎందుకు పెట్టుకున్నట్టు? పాత అలవాట్లను ఒక్కసారిగా పీకెయ్యడం ఆయన పద్ధతి కాదన్నది ఒక సమాధానం. పీఠాన్ని కోసినా హోదాను కోయలేవని రాజుకు మర్యాదగా చెప్పాడన్నది నా సమాధానం.

పదవి మూడేళ్లు కూడా నిలవలేదు. 1555లో రష్యాతో సరిహద్దు తగాదా యుద్ధమైంది. రాజు స్వయంగా ఫిన్లాండ్ వచ్చి నెలల తరబడి మకాం వేశాడు. స్వీడన్ సేనలు రష్యా కోట ఒకదాని మీదికి వెళ్లి గెలవకుండా తిరిగొచ్చాయి. 1556 మొదట్లో రష్యా సేనలు వీపురి దాకా వచ్చి పరిసర గ్రామాలను కాల్చాయి. గుస్తావ్‌కు సంధి కావాలి. అప్పుడు ఆయనకు అగ్రికొలా గుర్తొచ్చాడు. భాషలు తెలిసినవాడు, సరిహద్దు ప్రాంతంలో చదువుకున్నవాడు, మాట మీద నిలబడేవాడు. పన్నుల కచేరీకి పిల్లలను పంపనన్న మనిషే ఇప్పుడు రాజుకు పనికొచ్చాడు.

1556 నవంబరులో రాయబారులు బయల్దేరారు. ఉప్సాలా ఆర్చిబిషప్పు లౌరెంతియుస్ పేత్రి, అగ్రికొలా, మరికొందరు పెద్దలు. చలికాలమంతా స్లెడ్జి బండ్ల మీద ప్రయాణం. మాస్కోలో ఇవాన్ చక్రవర్తి దర్శనం దొరికింది, చరిత్రలో ఇవాన్ ది టెరిబుల్ అని పేరు పడ్డవాడే. గుస్తావ్‌ను తనతో సమానమైన రాజుగా ఆయన ఒప్పుకోలేదు. మీ రాజు నాతో కాదు, నా నోవ్‌గొరోద్ గవర్నరుతో ఒప్పందం చేసుకోవాలి అన్నది ఆయన పట్టు. ఇంటిదగ్గర బిషప్పుల హోదా తగ్గించిన రాజుకు, బయట తన హోదా తగ్గితే ఎలా ఉంటుందో తెలిసే ఉంటుంది. అవమానాన్ని మింగి, 1557 మార్చిలో నలభై ఏళ్ల సంధి కుదుర్చుకుని రాయబారులు వెనుదిరిగారు.

దారిలో అగ్రికొలాకు జబ్బు చేసింది. కరేలియా భూసంధి దాటుతుండగా, ఊసికిర్కొ అనే ప్రాంతంలోని క్యొరొన్నియెమి గ్రామంలో, 1557 ఏప్రిల్ 9న కన్నుమూశాడు. వయసు నలభై ఏడు దాకా ఉంటుంది. చిన్నప్పుడు చదువుకున్న వీపురికే తీసుకెళ్లి అక్కడి చర్చిలో సమాధి చేశారు. ఆ సమాధి కచ్చితంగా ఏ చోట ఉందో ఇప్పుడెవరూ చూపించలేరు. ఫిన్లాండ్‌లో మాత్రం ఏప్రిల్ 9న జెండాలు ఎగరేస్తారు. అది ఫిన్నిష్ భాషా దినం.

ఏడేళ్లు నిండకుండా తండ్రిని పోగొట్టుకున్న క్రిస్టియన్ చదువుకుని పైకొచ్చాడు, 1584లో తల్లిన్ నగరానికి బిషప్పయ్యాడు. అగ్రికొలా సగంలో వదిలేసిన పాత నిబంధన మరో తొంభై ఏళ్లు అలాగే పడి ఉంది. 1630ల చివర్లో, స్వీడన్ రాణి క్రిస్టీనా కాలంలో, ప్రభుత్వం ఒక అనువాదక సంఘాన్ని నియమించింది. వాళ్లు పూర్తిచేసిన ఫిన్నిష్ బైబిలు 1642లో రాణికి అంకితమై వెలువడింది. అచ్చయింది స్టాక్‌హోమ్‌లోనే. తుర్కుకు మొదటి అచ్చుయంత్రం వచ్చింది కూడా అదే సంవత్సరం.